పిండిలో పులుపు, కొమ్ము మీద నెత్తురు

ముందే ఒప్పుకుంటున్నాను. నేను పెంచి చెప్పే మనిషిని. గోడ మీద బల్లి నా నోట్లో పడితే మొసలయి బయటికొస్తుంది. నాలుగు చినుకులు రాలితే స్వర్ణముఖికి వరదొచ్చిందంటాను. తిరుపతి బస్టాండులో ఎవరో భుజం తగిలించి పోతే, ఇంటికొచ్చి దాన్ని హత్యాయత్నంగా వర్ణిస్తాను. మా ఇంటామె నా మాటను నాలుగుతో భాగించి, వచ్చినదాంట్లో సగం నమ్ముతుంది. మీరూ అట్లాగే చేసుకోండి, నాకేం బాధ లేదు.

అయితే పెంచడం వేరు, పుట్టించడం వేరు. ఉన్నదాన్ని ఉబ్బిస్తాను గానీ, లేనిదాన్ని తయారుచేయడం నాకు పెద్దగా చేతకాదు. ఈసారి మాత్రం ఒక్కచోట ఆ పని కూడా చేశాను. ఎక్కడన్నది చివర్లో నేనే చెబుతాను. అంతవరకూ అనుమానం వచ్చిన ప్రతిచోటా ఆగి, నన్నొక తిట్టు తిట్టుకుని ముందుకు నడవండి.

ఇది మా మామ సంగతి. నాకు పిల్లనిచ్చిన మామ. చంద్రగిరి దాటి కొండవైపు తిరిగితే వచ్చే ఊరు వాళ్ళది. రిటైరయ్యేదాకా హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పాడు. పగలు బడిలో పరిణామం పాఠం, ఆదివారం సాయంత్రం భజన గుడిలో దేవుడి పాఠం. రెండూ ఒకే నోటితో చెప్పినందుకు రెండు పక్షాలూ ఆయన మీదికి కొట్లాటకొచ్చేవి. "మనం కోతినించి వచ్చినామంటావా?" అని భక్తులు ఒకపక్క, "ఆత్మ ఉండాదంటావా?" అని మిగిలినవాళ్ళు ఒకపక్క.

ఆయన ఊరికే ఉండే రకమా? కాదు. బడిలో ఉన్నన్నాళ్ళూ ఆయన చేతిలో చింతబెత్తం ఆడింది. ఆ ఊళ్ళో నలభై దాటిన ప్రతి మగవాడి అరచేతిలోనూ ఆయుష్షు గీత ఒకటి, దానికి అడ్డంగా మా మామ గీసిన గీత ఒకటి ఉంటాయి. జాతకాలు చూసేవాళ్ళు ఆ ఊరికి వచ్చి, చేతులు చూసి, దండం పెట్టి వెళ్ళిపోయేవాళ్ళట. కప్పను కోసి గుండె చూపించే పాఠం రోజున, కప్ప కంటే ముందు పిల్లలు స్పృహ తప్పేవాళ్ళట.

ఇక భజన గుడి. మామూలు గుళ్ళో మనుషులు తల వంచి లోపలికి పోతారు. ఆ గుళ్ళోంచి తల పగిలి బయటికొస్తారు. అక్కడి సీలింగు ఫ్యానుకు మూడు రెక్కలు, మూడూ మూడు వంకరలు. ఒకటి పునర్జన్మ మీద చర్చలో వంగింది, ఇంకొకటి మోక్షం దగ్గర. మూడోది ప్రసాదం పంపకంలో వంగింది గానీ, అదీ తత్వచర్చే అని మామ వాదన.

ఒకసారి తిరుపతి నుంచి ఒక ఉపన్యాసకుడు వచ్చాడు. చేప అవతారం మొదట, తాబేలు తర్వాత, పంది ఆ తర్వాత, చూశారా, పరిణామం సంగతి మనవాళ్ళు ముందే చెప్పేశారు అని చప్పట్లు కొట్టించుకున్నాడు. మామ లేచి మైకు లాక్కున్నాడు.

"సామీ, దేవుడు చేపగా దిగొచ్చిన కథ మీది. చేప పైకి ఎక్కిన కథ నాది. దిగేవాళ్ళనీ ఎక్కేవాళ్ళనీ ఒకే నిచ్చెన మీద పెడితే నడిమధ్యలో గుద్దుకుంటారు."

చెప్పినట్టే గుద్దుకున్నారు. ఉపన్యాసకుడి శిష్యులు పైనించి దిగారు, మామ పాత విద్యార్థులు కిందినించి ఎక్కారు. హార్మోనియం పెట్టె ఒకటి గాల్లోకి లేచి, ఏడు స్వరాలూ ఒకేసారి పలికి నేల రాలింది. ఆ రోజు ఊడిన పళ్ళు ఏరితే ఇంకో మనిషికి పూర్తి సెట్టు అయ్యేది.

ఇంతకీ మామ చెప్పేదేమిటి? ఆయన మాటల్లోనే వినండి. ఇది నేను పెంచలేదు, పెంచడానికి నాకంత బుర్ర లేదు.

"రుబ్బి పెట్టిన పిండి తెల్లారేసరికి మూత తోసుకోని పైకొస్తాది. ఎవురన్నా వొచ్చి దాంట్లోకి గాలి ఊదినారా? లేదు. పొంగేది దాంట్లోనే ఉన్నింది. మట్టిలోనించి ప్రాణం అట్లనే పొంగింది. ప్రాణంలోనించి తెలివి పొంగింది. తెలివిలోనించి ఇంగొకటి పొంగాల. దానికే మనం ఆత్మ అని పేరు పెట్టుకోనుండాం. అది పైనించి ఊడిపడే సరుకు కాదు. మట్టికి శత్రువూ కాదు. మొట్టమొదటి రాయిలోనే ఉన్నింది. పులిసేదానికి టైం పట్టింది, అంతే."

ఈ మాటకు ఎప్పుడూ అడ్డం లేచేవాడు పశువుల ఆసుపత్రి కాంపౌండరు. మామ దగ్గరే చదువుకున్నవాడు, ఊళ్ళో అందరికంటే ఎక్కువ దెబ్బలు తిన్నవాడు. మామకు నిజమైన ప్రతిపక్షం అతనొక్కడే. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటాడు.

"అది బాక్టీరియా అయివారా," అంటాడు.

"ఆ ముక్క నీకు నేర్పించింది ఎవుర్రా? నీ చెవి మెలిపెట్టి నేర్పించింది నేనే కదా! బాక్టీరియా పులిపిస్తాది, సరే. పులిసేదానికి పిండి ఎందుకు ఒప్పుకున్నింది? ఇసక తడిపి మూత పెట్టు, పొంగుతాదేమో సూస్తాం."

"ఇసక పొంగదు."

"ఇసకలోనించే కదరా ఇన్ని కోట్ల ఏండ్లకి నువ్వు పొంగినావు!"

దీనికి కాంపౌండరు దగ్గర జవాబు ఉండదు, చెప్పు ఉంటుంది. చెప్పు లేస్తుంది. ఆ తర్వాత పది చెప్పులు లేస్తాయి. సభ ముగిశాక ఎవరి చెప్పు ఎవరిదో తేలక ఊరంతా రెండు రకాల చెప్పులతో ఇంటికి పోతారు.

ఒకసారి ఒక ముసలమ్మ అడిగింది: "ఏమప్పా అయివారా, ఈ పులి జింకను చీల్చేదీ, పాము కప్పను మింగేదీ, ఇదంతా దేవుడు పెట్టిందేనా? ఆయన దయామయుడు అంటారే?"

"అవ్వా, రోటికాడ కూసున్న మనిషి దయామయుడని పప్పు ఒప్పుకుంటాదా?" అన్నాడు మామ. "రుబ్బకుండా పులవదు. గోళ్ళు, కోరలు, కరువు, రోగం, అన్నీ పొత్రం తిరిగినట్టే తిరిగినాయి. చర్మాలు చీరినాయి, ఎముకలు పిండి అయినాయి. ఆ రుబ్బుడులోనించి మనిషి వొచ్చినాడు. మనిషి వొచ్చినాక ఇంగ రుబ్బే పని అయిపోయింది. రుబ్బింది చాలు, మూత పెట్టు. అప్పుడు కూడా రుబ్బుతానే ఉంటే ఏమయితాది? పిండి వేడెక్కి చెడిపోతాది. మనిషయినోడు ఇంగొకరి మీద చెయ్యి ఎత్తినాడంటే పొంగే పిండిని మళ్ళా రోట్లో ఏసినట్టే."

ఆ మాట అన్న రోజునే ఇంటికెళ్ళి చింతబెత్తాన్ని పొయ్యిలో పెట్టాడు. దాని మీద కాగిన నీళ్ళతో స్నానం చేస్తే ఒళ్ళంతా చురుక్కుమన్నదని మా అత్త చెబుతుంది. మా అత్త తక్కువ మనిషి కాదు. ఆమెది ఇంకో మాట కూడా ఉంది: "పిండి రుబ్బేది నేను. ఎత్తుకుపోయి గుళ్ళో పొంగించేది ఆయన."

ఇప్పుడు కోడె దగ్గరికి వస్తాను.

మామ వాళ్ళింట్లో ఆవు ఈనలేక పడింది. మిట్టమధ్యాహ్నం. దూడ అడ్డం తిరిగింది. కాంపౌండరు చొక్కా విప్పి, భుజందాకా చెయ్యి లోపల పెట్టి, కాలు గోడకు తన్ని పట్టుకుని లాగాడు. ఆ ఆవు పెట్టిన కేకకు కొండమీద కోతులు చెట్లు మారాయి. కొట్టం గోడలు నెత్తుటితో సున్నం కొట్టినట్టయ్యాయి. చివరికి దూడ బయట పడింది, ఆవు పోయింది.

కాంపౌండరు చేతులు కడుక్కుంటూ అన్నాడు: "దాని కడుపంతా నా చెయ్యి తిరిగింది అయివారా. పేగులుండాయి, నెత్తురుండాది. మీరు చెప్పేది యాడా తగల్లేదు."

తడి కాళ్ళు నాలుగూ నాలుగు దిక్కులకు జారిపోతుంటే లేవడానికి ఎగబడుతున్న దూడను మామ చూపించాడు. "తగల్లేదా? చేత్తోనే కదరా బయటికి లాగినావు!"

ఆ దూడను మామ ఒక్క దెబ్బ కూడా లేకుండా పెంచాడు. అది ఆయన ప్రయోగం. రుబ్బడం ఆపితే పశువు కూడా తనంతట తాను ఒక మెట్టు ఎక్కుతుందా లేదా, అది తేల్చాలి. ములుగర్ర లేదు, కొరడా లేదు, గట్టిగా అదిలించడం కూడా లేదు. పక్కకి జరగమనాలంటే "కొంచెం జరుగు నాయనా" అనాలి. అది జరగకపోతే మనం చుట్టూ తిరిగి పోవాలి. అట్లా పెరిగి పెరిగి ఏనుగంత అయింది. సరే, ఏనుగు పిల్లంత. మా అత్త పట్టుచీర నమిలింది, నా బండి అద్దాలు రెండూ ముద్దులాడి విరగ్గొట్టింది. వరండాలో నేను పడుకునే చోటు అది పడుకునేది. ఆ ఇంట్లో అల్లుడి మర్యాదలు జరిగింది దానికే. నన్ను చూస్తే మాత్రం పరిగెత్తుకొచ్చేది, నేను వెళ్ళినప్పుడల్లా అరటిపండ్లు తీసుకుపోతాను గనక.

మా పక్క పశువుల పండగ తెలియనివాళ్ళకు రెండు మాటలు. చలికాలంలో ఒక్కో ఊరూ ఒక్కో రోజు చేసుకుంటుంది. కోడెల కొమ్ములు చెలిగి, అంటే గీకి మొనదేల్చి, రంగులు పూసి, కొమ్ముల మధ్య చెక్క పలక కడతారు. పలక మీద ఎవరికి నచ్చిన బొమ్మ వాళ్ళు వేయించుకుంటారు: సినిమా హీరో, నాయకుడు, దేవుడు. వీధికి రెండువైపులా జనం గోడ కట్టినట్టు నిలబడతారు. ఆ దోవను అల్లి అంటారు. డప్పులు మోగించి కోడెలను అందులోకి తోలతారు. అవి ప్రాణాలు అరచేత పట్టుకుని ఉరుకుతుంటే కుర్రాళ్ళు మెడమీద పడి, కొమ్ములకు వేలాడి పలక ఊడబెరకాలి. పలక దక్కినవాడు ఆ ఏటికి మొనగాడు. మిగిలినవాళ్ళు ఆసుపత్రిలో.

పండగ ముందు ఆదివారం గుళ్ళో కాంపౌండరు లేచాడు.

"అయివారా, మీ కోడెను ఈ ఏడు అల్లిలోకి వదలండి సూస్తాం. ఇంట్లో మూతేసి పెట్టిన పిండి ఎవురికైనా పొంగుతాది. పది చేతులు మీద పడినాక కూడా అది సాధువుగా ఉంటే, అప్పుడు నేను ఒప్పుకుంటా. గొడ్డుకు నోరు లేదు అయివారా, కొమ్మే దాని నోరు."

జనం ఈలలేశారు. మామ మెడ నరాలు కొబ్బరి తాళ్ళలా లేచాయి.

"వదులుతా! నా కోడె కొమ్ముకు ఒక్క మనిషి నెత్తుటి చుక్క అంటినా ఇంగ ఈ గుళ్ళో నోరెత్తను. ఈ ఆత్మా, ఈ మట్టీ, అంతా అబద్ధమని ఒప్పుకోని సచ్చేదాకా మూసుకోనుంటా. సాలా?"

ఆ పందెం మాట రాత్రికల్లా ఊరంతా పాకింది.

మరుసటి రోజు పొద్దున మా అత్త నన్ను గ్రైండరు పక్కకు పిలిచింది. అది గుర్రుమంటూ తిరుగుతోంది. ఆ మోతలో ఎవరికీ వినపడకుండా చెప్పాలని అక్కడికి పిలిచింది.

"అల్లుడా, గుండె నొప్పి వొచ్చినప్పుడు డాక్టరు అరవొద్దన్నాడు. ఈయనేమన్నాడో తెలుసునా? అరవకుండా బతికేదానికి నేనేమన్నా చేపనా అన్నాడు. ఆరు దినాలూ ఆదివారం కోసమే లేస్తాడు, మాత్రలు మింగుతాడు. ఆ నోరు మూతబడిందంటే ఇంగ మనిషి ఉండడు. నువ్వు ఆ కోడె దోవలోనే ఉండు. అరటిగెల పట్టుకోని ఉండు. నిన్ను సూస్తే అది నీ కాడికి వొస్తాది, ఎవుర్నీ ఏమీ చెయ్యదు."

నా ఒళ్ళు చూశారా మీరు? చూడలేదు గదా. నేను పరిగెత్తితే ముందు నా పొట్ట చేరుతుంది, తర్వాత నేను. అలాంటివాణ్ణి అల్లిలో నిలబెట్టింది మా అత్త.

పండగ రోజు ఎర్ర లుంగీ కట్టుకుని బయల్దేరాను. మా ఇంటామె గుండె బాదుకుంది. మామ నవ్వాడు. "ఎద్దుకు ఎరుపు తెలీదమ్మా. కదిలేదే తెలుస్తాది. నీ మొగుడు ఎట్లాగూ కదల్లేడు."

కోడె కొమ్ములను కాంపౌండరే చెలిగాడు. గాజుపెంకుతో గీకి గీకి సూదుల్లా తయారుచేశాడు. మామ పలకకు నల్లరంగు వేసి, సుద్దముక్కలాంటి తెల్లరంగుతో బోర్డు మీద రాసినట్టు గుండ్రటి అక్షరాల్లో రెండే మాటలు రాశాడు: "రుబ్బింది చాలు." పక్క పలకల మీద హీరోలు కత్తులు పట్టుకుని ఉన్నారు. మా కోడె మాత్రం దోసెల అంగడి బోర్డు తగిలించుకున్నట్టు ఉంది.

అల్లిలో ఆ పూట యుద్ధం జరిగింది. కురుక్షేత్రంలో కనీసం శంఖం ఊదాక మొదలుపెట్టారు, ఇక్కడ అదీ లేదు. మొదటి కోడె ఒకణ్ణి ఎత్తి మిద్దెమీద ఆరేసింది. రెండోది ఇద్దరిని ఒకే విసురుకు చింతపండు పిసికినట్టు గోడకు పిసికింది. ఒకడి పక్కటెముకలు విరిగిన చప్పుడు డప్పుల్లో కలిసి తాళం తప్పకుండా వినిపించింది. పలక కోసం ఒక అన్న తమ్ముడి చెవి కొరికాడు. పలక దక్కినవాణ్ణి దక్కనివాళ్ళంతా కలిసి కొట్టారు. వాడు పలక కింద దాక్కుంటే పలకమీద హీరోకు కూడా దెబ్బలు తగిలాయి. దుమ్ములో నెత్తురు, పేడ, కుంకుమ కలిసి కాళ్ళకింద పేస్టులా అయింది. పైన ఒక డ్రోను ఈగలా మూలుగుతూ ఇదంతా ఫోన్లలోకి పంపుతోంది. మామ మిద్దెమీద గొడుగు పట్టుకుని నిలబడి, "రుబ్బుతాండారు, ఇంగా రుబ్బుతాండారు," అని గొణుగుతున్నాడు.

మా కోడె వంతు వచ్చింది.

అది నడుచుకుంటూ వచ్చింది.

ఉరకలేదు. బెదరలేదు. జీవితంలో దెబ్బ అంటే ఎరగనిది, జనాన్ని చూసి ఎందుకు బెదురుతుంది? పెళ్ళికి వచ్చిన పెద్దమనిషిలా అటూ ఇటూ చూస్తూ, మధ్యలో ఒకరి మెడలో పూలదండ నములుతూ వచ్చింది. ఒక కుర్రాడు కొమ్ము పట్టుకుంటే వాడి చెయ్యి నాకింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది. మామ మిద్దెమీద కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆ క్షణంలో ఆ ముసలాయన ముఖం చూసి ఉంటే, ఆత్మ ఉందో లేదో గానీ, ఉంటే ఎట్లా ఉంటుందో తెలిసేది.

కానీ ఆటకు ఒక ధర్మం ఉంది. ఉరికే కోడె నుంచే పలక తీయాలి. నిలబడ్డదాని నుంచి తీస్తే మగతనం కాదు.

"ఏం గొడ్డబ్బా ఇది! భజనకొచ్చినట్టు వొస్తా ఉండాది!"

"తోక కొరకండ్రా!"

ఒకడు కొరికాడు. నిజంగానే పళ్ళతో. ఇంకొకడు డప్పుకర్రతో వీపున బాదాడు. అంత బలంగా బాదాడు, కర్ర విరిగింది. కోడె ఒక్కసారి గిరుక్కున తిరిగింది. దాని కళ్ళలో కోపం లేదు. ఇదేమిటిది, నాకెవరూ చెప్పలేదే అన్నట్టు ఉంది. అంతలో నన్ను చూసింది. నా చేతిలో గెలను చూసింది. ఉరికింది.

ఉరికింది గనక కుర్రాళ్ళంతా దానిమీద పడ్డారు. ఇద్దరు మెడకు, ఒకడు కొమ్ముకు, ఇంకొందరు ఆ పట్టుకున్నవాళ్ళకు. ఒక ఎద్దు, ఒక ఊరు, ఒక అరటిగెల వచ్చి నన్ను గుద్దాయి. నేను గోడ పక్క కాలవలో వెల్లకిలా పడ్డాను. నా మీద మనుషులు, మనుషుల మీద కర్రలు. ఎవడి మోచెయ్యో నా నోట్లో దిగింది, కొరికాను. నా కాలో ఎవడి కాలో తెలియక రెండూ తన్నాను. కాంపౌండరు ఎక్కడినుంచి వచ్చాడో వచ్చి కోడె తోక రెండు చేతులా పట్టుకున్నాడు. ఎందుకు పట్టుకున్నాడని అప్పుడు ఎవరూ అడగలేదు.

మామ అడగలేదు. మిద్దెమీదినుంచి ఎట్లా దిగాడో, దిగాడా దూకాడా, నాకు తెలియదు. గుండె జబ్బు మనిషి, పైపంచె జారిపోతుంటే, గొడుగు గదలా తిప్పుకుంటూ దూసుకొచ్చాడు. ఒకడి నెత్తిన గొడుగు, ఇంకొకడి మూతిన గొడుగు. గొడుగు ఊచలన్నీ విచ్చుకుని అది మేకుల కట్టలా తయారయింది. కర్రతో కొట్టినవాడి చొక్కాను చర్మంతో సహా చీరింది. గొడుగు విరిగాక పిడికిలి. ఇన్నేళ్ళు మూతపెట్టిన చెయ్యి. తోక పట్టుకున్న కాంపౌండరును తనవైపు తిప్పుకుని, "నా కోడెనా, నా కోడెనేనా!" అంటూ ముక్కుమీద గుద్దాడు. కొబ్బరికాయ కొట్టినట్టు వినపడింది. నెత్తురు కుళాయి తిప్పినట్టు కారింది.

అంతా ఆగిపోయింది. మామ తన పిడికిలి వైపు చూసుకుంటున్నాడు. కోడె మధ్యలో నిలబడి అరటిపండు నములుతోంది. పలక తలకిందులయింది గానీ ఊడలేదు.

"కొమ్ము సూడండి! కొమ్ముకు నెత్తురు!" అని ఎవడో అరిచాడు.

చూశాం. కుడి కొమ్ము కొన మీద ఎర్రగా, తడిగా.

మామ ఆ కొమ్ము వైపు చూశాడు. చెప్పిన మాట ప్రకారం అప్పుడే నోరు మూసినట్టున్నాడు. మా అత్త మిద్దెమీద పిట్టగోడ పట్టుకుని నిలబడి ఉంది.

కాంపౌండరు ముక్కు పట్టుకుని లేచాడు. వేళ్ళ సందుల్లోంచి కారుతూనే ఉంది.

"అది నాది అప్పా. నా ముక్కుది. అయివారు గుద్దితే ఎగిరి ఆడ పడిండాది. కోడె ఎవుర్నీ ముట్టలేదు. నేను దాని ఎనకే కదా ఉన్నింది, నాకంటే ఎవురికి తెలుసు?"

ప్రతిపక్షమే చెప్పాక ఇంకెవరు కాదంటారు? జనం ఈలలేశారు. అయివారు గెలిచినారన్నారు, కోడెకు బొట్టు పెట్టి దండ వేశారు. అది ఆ దండ కూడా తినేసింది. కాంపౌండరు నా రెక్క పట్టుకుని, "రా అల్లుడా, బురద కడుక్కుందువు గానీ," అని కొట్టంలోకి తీసుకుపోయాడు.

తర్వాత ఆదివారం గుళ్ళో చీమ దూరే సందు లేదు. మామ వచ్చాడు. ఎప్పుడూ నిలబడి చెప్పే గట్టు ఎక్కలేదు. ముందు వరసలో, కాంపౌండరు కూర్చునే చోట చాప మీద కూర్చున్నాడు. పిడికిలి వాచి జామకాయంత ఉంది.

"ఎక్కండి అయివారా, గెలిచినారు కదా," అన్నారు జనం.

"గెలిచింది కోడె," అన్నాడు మామ కిందినుంచే. "నేను కాదు. కిందుండేది గొడ్డు, పైనుండేది మనిషి అని ఇన్నేండ్లూ చెప్పినాను. ఆ పొద్దు దాన్ని కొడితే అది పండు దగ్గిరికి పోయింది. దాన్ని కొడితే నేను మనిషి ముక్కు పగలగొట్టినాను. పులిసిన పిండి మూత జారితే యాడికి పోతాదో సూసినారు కదా, నేలమీదికే. పరిణామం ఒకతూరి జరిగి అయిపోయేది కాదబ్బా. ప్రతి దినమూ మొదటినించి జరగాల. పాసయినోడు బడి వదిలి పోతాడు. ఫెయిలయినోడు అదే క్లాసులో కూసోవాల. నేను కూసున్నా. ఏమిరా కాంపౌండరూ, ఎక్కి చెప్పు, ఇంటాను."

కాంపౌండరు ముక్కులో దూదితో గట్టెక్కాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను ఎన్నో గొడ్లను కోసినాను. ఆత్మ యాడా అగుపడలేదు," అన్నాడు.

"కోస్తే ఎట్ల అగుపడతాదిరా యెదవా! పిండిని కత్తితో కోస్తే పులుపు రాలతాదా?" అని చాపమీదినుంచి గర్జన. ఆ తర్వాత మామూలే. చెప్పులు లేచాయి. ఫ్యానుకు వంగడానికి రెక్కలు మిగల్లేదు గనక మైకు స్టాండు వంగింది. మిద్దెమీద మా అత్త ఎండిన పిండి వడియాలు ఎత్తుతూ ఆ గోల విని, చెయ్యి ఆపి, మళ్ళీ ఎత్తుకుంది.

ఇక నా బాకీ. ఏది పుట్టించాను?

మిద్దెమీద ఆరేసిన మనిషి నిజం, కావాలంటే కొంచెం కిందికి దించుకోండి. కొరికిన చెవి నిజం. హార్మోనియం ఎగిరింది నిజం, స్వరాలు ఏడు కాదు, ఐదే పలికుంటాయి. కోడె మనిషి చెయ్యి నాకిందీ నిజమే.

కోడె ఎవుర్నీ ముట్టలేదన్నది అబద్ధం. మొదట పుట్టించింది కాంపౌండరు, మీ దాకా మోసుకొచ్చింది నేను. ముక్కునెత్తురు ఎంత ఎగిరినా తోక దగ్గరినుంచి కొమ్ముదాకా ఎగరదు, అదీ ఎద్దు వీపు దాటి. మీరు ఆలోచించలేదా? ఆ ఊళ్ళో కూడా ఎవరూ ఆలోచించలేదు. కొమ్ముకు వేలాడేవాడి బరువుకు దాని తల నావైపు వాలింది. అరటిపండు కోసం అది మూతి చాచింది. చెలిగిన కొమ్ము నా తొడలోకి గోంగూర కట్టలోకి కత్తి దిగినట్టు దిగింది. అది నన్ను పొడవాలని పొడవలేదు, పండు కావాలనుకుంది. కానీ పందెం చుక్క మీద, మనసు మీద కాదు. కాంపౌండరు తోక పట్టుకున్నది దాన్ని నా మీదినుంచి వెనక్కి లాగడానికి. అందుకే ముక్కు పగిలింది. ఎర్ర లుంగీలో నా నెత్తురు ఎవరికీ కనపడలేదు.

కొట్టంలో ఎనుములను కుట్టే సూదితో, ఎనుములను కుట్టే దారంతో కుట్టాడు. మత్తు లేదు. అరటిగెల కాడ నోట్లో పెట్టి, "అరిస్తే సంపేస్తా," అన్నాడు. తన ముక్కునుంచి నెత్తురు నా తొడమీద కారుతుంటే, రెండూ కలిపి ఒకే గుడ్డతో తుడిచాడు. కుట్లు అయ్యాక అడిగాను, పందెం గెలిచింది నువ్వు కదప్పా, ఎందుకు వదులుకున్నావని.

"ఆయప్ప నోరు మూసేస్తే ఆదివారం నేను ఎవురితో కొట్లాడేది?" అన్నాడు. దారం పళ్ళతో తెంపాడు. "ఆత్మ లేదు అల్లుడా. రాసిపెట్టుకో. నువ్వు మాత్రం నోరు మూసుకో."

మూసుకున్నాను, ఇంతవరకూ. మా ఇంటామెకు మచ్చ తెలుసు, బాత్రూములో జారానని చెబితే నాలుగుతో భాగించింది. మామ ఇది చదువుతాడా అంటే, చదువుతాడు, నేను రాసిన ప్రతిదీ కళ్ళజోడు పెట్టుకుని చదువుతాడు. చదివి, అల్లుడు మళ్ళా గాలి కొట్టినాడు అనుకుంటాడు. అనుమానమొచ్చి కాంపౌండరును పిలిచి అడిగితే, వాడు మారుమాట్లాడకుండా తన వంకర ముక్కు చూపిస్తాడు.